ఆ ఏటి రెండు కోతలు

నా చిన్నప్పుడు నన్ను చేతుల మీద మోసి, ఈ డెబ్బై ఏళ్ల వయసులో కూడా కంటికి చూపు, చేతికి కలం పట్టే బలం ఇచ్చిన దేవునికి స్తోత్రం. ఆయన నాకు కొన్ని సంగతులు వాక్యం చదివించి నేర్పాడు, కొన్ని ఏడిపించి నేర్పాడు. ఇప్పుడు రాయబోయేది ఏడ్చి నేర్చుకున్నది.

మాది విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే చిన్న ఊరు. ఒక పక్క చేపలు పట్టేవాళ్ల ఇళ్లు, ఇంకో పక్క వరి కయ్యలు సాగు చేసుకునే మా ఇళ్లు, మధ్యలో బడి. మా గుడి తూర్పు కొసన ఉండేది. గుడి వెనక సమాధుల తోట, దాని వెనక ఇసుకదిబ్బ, దిబ్బ దిగితే సముద్రమే. నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మ పోయింది. అప్పటికే తోట నిండిపోయినందువల్ల ఆమెను దిబ్బ పక్కన చివరి వరుసలో పెట్టారు. రాయి లేదు. సరివి కర్రతో మా నాయన చేసిన సిలువ ఒక్కటే గుర్తు. ఆదివారం ఆరాధన కాగానే నేను అక్కడికి పోయి కూర్చుని, ఆ వారం బడిలో జరిగినవన్నీ అమ్మకు చెప్పేదాన్ని. ఎవరితో పోట్లాడానో కూడా దాచేదాన్ని కాదు.

వేసవిలో వేసిన ఎడగారు పంట ఇళ్లకు చేరాక మా సంఘంలో కోతల పండుగ జరిగేది. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, ఎవరికి దేవుడు ఏమిచ్చాడో అది తెచ్చి వేదిక ముందు పెట్టేవాళ్లు. గుడి అలంకరణ పిల్లల పని. ఏటా మామిడాకులు కట్టేవాళ్లం. అమ్మ పోయిన మరుసటి ఏడు నాకొక ఆలోచన వచ్చింది. దిబ్బ మీద మేకడెక్కల్లాంటి ఆకులు, ఊదారంగు పూలు ఉండే తీగ అల్లుకుని ఉండేది. మేం దాన్ని ఇసుకతీగ అనేవాళ్లం. సమాధుల తోట వెనకైతే నేల కనపడనంత ఒత్తుగా ఉండేది. మా సంఘం పిల్లలందరినీ అక్కడికి పిలుచుకుపోయాను. కొస పట్టుకుని లాగితే మోకు లాగా బారలు బారలుగా లేచి వచ్చేది. కణుపు కణుపుకూ వేరు తెగి పటపటమని చప్పుడయ్యేది. ఆ చప్పుడు మాకు ఎంత సరదాగా ఉండేదో! రెండు రోజులు పీకాం.

పండుగ రోజు గుడి గుమ్మానికి, కిటికీలకు, వేదికకు అన్నిటికీ పూల తీగలే. మా నాయన సంఘ పెద్ద. ఆయన లేచి నిలబడి, మందిరం ఇంత అందంగా ఎన్నడూ లేదని, పిల్లలను దేవుడు దీవించాలని అన్నారు. ఎవరి ఆలోచనో అందరికీ తెలుసు. నేను తల వంచుకుని కూర్చున్నాను గానీ, లోపల పొంగిపోయాను.

పక్షం రోజులకు వానలు మొదలయ్యాయి. మూడు రోజులు గాలి, వాన, సముద్రపు హోరు. నాలుగో రోజు కాస్త తెరిపిచ్చి బడి తెరిచారు.

మా టీచరమ్మ నెల్లూరు నుంచి వచ్చి మా ఊళ్లోనే ఉంటూ ఒక్కరే బడి నడిపేవారు. గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు పలక మీద రాయించలేదు, ఎక్కాలు చెప్పించలేదు. నల్లబల్ల మీద ‘కోత’ అని ఒక్క మాట రాసి, అంటే ఏమిటని అడిగారు. మేమంతా ఒకేసారి అరిచాం. కొడవలన్నాం, వరి అన్నాం, కుప్పలన్నాం, పండుగన్నాం. చేపలు పట్టేవాళ్ల పిల్ల ఒకతె నా పక్కనే కూర్చునేది. ఆ పిల్ల మాత్రం మెల్లగా లేచింది.

“మా ఇళ్లకాడ కోతంటే అది కాదు టీచరమ్మా. సముద్రం వచ్చి నేల కోసుకోని పొయ్యేదాన్ని కోతంటారు.”

“ఆ కోతే ఈ రోజు పాఠం. పాండి,” అని టీచరమ్మ చెప్పులు వేసుకున్నారు.

ఒడ్డుకు తీసుకుపోయి, అల వచ్చి తాకే చోట మమ్మల్ని వరసగా నిలబెట్టారు. కదలొద్దన్నారు. అల వచ్చింది, వెనక్కి పోయింది. మడమల కింద ఇసుక సన్నగా జారిపోతుంటే కితకితలు పుట్టి నవ్వాం. ఐదారు అలలకు మా మడమలు గుంటల్లోకి దిగిపోయాయి. ఒక చిన్నది వెల్లకిలా పడింది.

“ఎవరైనా కదిలినారా?”

“లేదు టీచరమ్మా.”

“మరి ఎట్ట పడింది?”

టీచరమ్మ పడిన పిల్లను లేపి, ఒంటికంటిన ఇసుక దులిపారు. అక్కడి నుంచి నేరుగా దిబ్బ దగ్గరికి నడిపించారు.

ఆ దిబ్బ జున్నుగడ్డను కత్తితో కోసినట్టు నిలువునా తెగి ఉంది. ఉత్తరాన తీగ ఉన్న చోట దిబ్బ కొంచెం జారినా నిలిచే ఉంది. మేం పీకిన మేర మాత్రం సముద్రం లోపలికి వచ్చేసింది. ఆ అంచుకూ మా అమ్మ సిలువకూ మధ్య నాలుగు బారల దూరం కూడా లేదు.

“మీ గుడికి దండలేసేదానికి దిబ్బకి బట్టలూడదీసినారు గదమ్మే!” అంది చేపలు పట్టేవాళ్ల పిల్ల. కొందరు కిసుక్కున నవ్వారు.

నాకు రోషం వచ్చింది. “ఇసుకంటే ఎప్పటికైనా కూలేదే. బుద్ధిలేనోడు ఇల్లు కట్టింది దాని మీదే గదా. ప్రభువే చెప్పినాడు,” అన్నాను. ఆదివారపు బడిలో ఆ ఉపమానం తప్పు లేకుండా అప్పజెప్పి బహుమతి తెచ్చుకున్నదాన్ని నేను. బుద్ధిమంతుడు బండ మీద, బుద్ధిలేనివాడు ఇసుక మీద ఇల్లు కట్టుకున్న ఆ కథ విన్ననాటి నుంచి బండ అంటే దేవునిది, ఇసుక అంటే పనికిమాలినది అని నా మనసులో పడిపోయింది.

టీచరమ్మ నా వైపు తిరిగారు. “ఆ మాట ఇల్లు కట్టుకునేవాడికి చెప్పింది తల్లీ, ఇసుకని తిట్టేదానికి కాదు. సముద్రం దాటి రాకుండా దేవుడు దేన్ని హద్దుగా పెట్టినాడని ప్రవక్త చెప్పినాడు?”

ఆమె వంగి గుప్పెడు ఇసుక తీసి నా అరచేతిలో పోశారు.

“ఇసుకనే. ఆ ఇసుకని పట్టుకోనుండమని ఈ తీగకి చెప్పినాడు.”

తీగ ఎవరు పీకారని ఆమె అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. ఉత్తరపు దిబ్బ మీద కొసలు మాత్రమే కొడవలితో కోయించి, మూరెడు ముక్కలు చేయించారు. కణుపులు ఇసుకలో పూడేలా ఎట్లా పెట్టాలో చేపలవాళ్ల పిల్ల చూపించింది. నేను నా చేతిలోని ముక్కలన్నీ అమ్మ సిలువ చుట్టూ గుచ్చాను. టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుని, వాటిని ఒక్కొక్కటిగా తీసి నా ఒళ్లో పెట్టారు.

“ఇక్కడ కాదమ్మా. అల వచ్చే పక్క నాటాల.”

“అక్కడ నాటితే మా అమ్మ సమాధి నిలుస్తుందా?”

ఆమె నా ఒళ్లోని ముక్కల్లో ఒకటి తీసి కణుపు చూపించారు. “నాకు తెలీదు. ఇవి వేరు పట్టేదానికి రోజులు కావాల. మీ అమ్మ వరస వెనకున్న సమాధులు నిలుస్తాయి.”

చిన్నపిల్లకు చెప్పాల్సిన మాట కాదని ఎవరైనా అనవచ్చు. కానీ ఆ రోజు నాతో నిజం చెప్పింది ఆమె ఒక్కరే. నేను పోయి అల వచ్చే వైపు నాటాను.

వాన వెలిశాక అమ్మను లోపలి వైపుకు మార్చాలని సంఘ పెద్దలు అనుకున్నారు. ఆ రాత్రే మళ్లీ మొదలైన వాన వెలవలేదు. మేం నాటిన ఐదో రోజుకు సిలువ లేదు, సమాధి లేదు, అవి ఉన్న నేలే లేదు.

మా నాయన ఆ అంచున నిలబడి ఉంటే నేను వెనక నుంచి ఆయన పంచె పట్టుకున్నాను. “నాయనా, తీగ పీకిచ్చింది నేనే,” అన్నాను.

ఆయన వెంటనే తిరగలేదు. “తెలుసు. ఆ తోరణాలు చూసి లేచి నిలబడి మెచ్చుకున్నోణ్ణి నేను. ఈ దిబ్బ పక్కన నలభై ఏళ్లు బతికినా. నాకు తెలియాల్సింది,” అన్నారు. తర్వాత నన్ను ఎత్తుకున్నారు. ఎనిమిదేళ్ల పిల్లను ఎవరూ ఎత్తుకోరు. “చనిపోయినోళ్లు లేచే ఆ దినాన సముద్రం కూడా తన దగ్గరున్నోళ్లని ప్రభువుకి అప్పజెప్పాల్సిందే. మీ అమ్మని దాచుకునే హక్కు దానికి లేదు,” అన్నారు.

వానలు తగ్గాక కొత్త అంచున మేం మళ్లీ నాటిన తీగ వేసవి నాటికి పాకింది. మిగతా వరుసలు నిలిచాయి. అందులో ఉన్నవాళ్ల పిల్లలు, మనవలు ఇప్పటికీ ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడికి పోయి పూలు పెడతారు. నాకు పూలు పెట్టే చోటు లేదు. నీళ్ల వైపు నిలబడి ప్రార్థన చేసుకుని వస్తాను.

ఆ రోజు నుంచి నాలో ఒక భయం ఉండిపోయింది. పిరికితనం కాదు, భక్తిలో ఉండే భయం లాంటిది. దేవుని పేరున ఏదైనా అందమైన పని తలపెట్టినప్పుడల్లా ఒకసారి ఆగుతాను. నేను తెంపబోయేది ఎవరిని పట్టుకుని ఉందో చూస్తాను. కొన్నిసార్లు అది ఒక మనిషి ఓర్పు, కొన్నిసార్లు ఒక ఇంటి సఖ్యత. నేను దేవుని సేవ అనుకున్న తొందరలో ఇంకొకరి హద్దు తెగకూడదని చూసుకుంటాను. ఎల్లప్పుడూ చూసుకోగలిగానని చెప్పలేను.

ఈ తీరంలో ఏటా వానలకు ఇంకా నేల కోసుకుపోతూనే ఉంది. ఇది చదువుతున్న వారు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి: ప్రభువా, మా పిల్లలకు నిజం చెప్పే టీచరమ్మలను ఇవ్వు. తెలియక మేం తెంపిన వాటిని క్షమించు. తెలిసిన తర్వాత, మాకు దక్కకపోయినా మా వెనకున్నవారి కోసం నాటే మనసు మాకు దయచేయి. ఆమేన్.