సుతాన్ బందారో కారులో స్విచ్చి

సోలోక్ బజారు దాటి పదాంగ్ రోడ్డు ఎక్కే మలుపులో, సెల్ఫులూ డైనమోలూ బాగుచేసే రేకుల షెడ్డు ఒకటి ఉండేది. చేతి ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాని రోజులవి. షెడ్డు యజమాని పేరు బుస్తామి. ఆ పేరు లారీ డ్రైవర్లు పిలవడానికే పనికొచ్చింది గాని, భార్య ఇంట్లో దాన్ని ఎవరూ పలకలేదు. అక్కడివాళ్లది మినాంగ్ జాతి. వాళ్లలో మగవాడికి పెళ్లినాడు ఒక బిరుదు ఇస్తారు, ఆనాటినుంచీ అత్తవారింట అతని పేరు అదే. అలా ముప్పై ఏళ్లుగా ఆయన ఆ ఇంట్లో సుతాన్ బందారో.

ఇల్లు భార్య రోస్నిదార్‌ది. అంతకుముందు వాళ్లమ్మది, రేపు కూతురు వితాది. అక్కడ ఇళ్లన్నీ ఆడవాళ్లవే, మగవాడు చుట్టం. మంచి పళ్లెంలో అన్నం పెడతారు, మెత్తటి పరుపు వేస్తారు, బిరుదుతో గౌరవంగా పిలుస్తారు. గోడకు మేకు కొట్టాలంటే మాత్రం అడిగి కొట్టాలి. బుస్తామికి ఇదేమీ కష్టంగా ఉండేది కాదు. అసలే ఆయన తక్కువ మాటల మనిషి. మాట్లాడితే ఇంజన్లతోనే మాట్లాడేవాడు, అవి తిరిగి జవాబు చెబుతున్నట్టు చెవి ఒగ్గి వినేవాడు కూడా.

ఆయన చేతిపని అంటే డ్రైవర్లకు ముందు గుర్తొచ్చేది ఫ్యాను స్విచ్చి. సోలోక్‌నుంచి కొండ మీది లుబుక్ సెలాసిహ్ దాకా రోడ్డంతా ఎక్కుడే. ముందు బస్తాల లారీ ఒకటి పాకుతూ పోతుంటే వెనక కార్లన్నీ దాని పొగ తాగుతూ నడవాల్సిందే. గాలి తగలదు, రేడియేటర్‌లో నీళ్లు మరుగుతాయి. వేడి కనిపెట్టి ఫ్యాను తిప్పే చిన్న ముక్క ఒకటి రేడియేటర్‌కు బిగించి ఉంటుంది. అది సరిగ్గా అలాంటి చోటే మొరాయిస్తుంది. అందుకని బుస్తామి ఇంకో తీగ లాగి స్టీరింగ్ దగ్గర స్విచ్చి పెట్టేవాడు. పాత ముక్కను మాత్రం తీసేవాడు కాదు. "అది చస్తే మీ చెయ్యుంది, మీ చెయ్యి మరిస్తే అదుంది," అని డ్రైవర్లకు చెప్పి పంపేవాడు.

సొంత కారు దగ్గరికొచ్చేసరికి ఈ జాగ్రత్త ఏమైందో దేవుడికే తెలియాలి. ఆయన పాత కారులో ఆ ముక్క ఎప్పుడో కాలిపోయింది. తీగ పీకి పక్కకు కట్టేసి, డ్యాష్‌బోర్డు మధ్యలో రేడియో కింద ఒక నల్ల స్విచ్చి బిగించి, కొత్త ముక్క తర్వాత వేద్దాంలే అనుకున్నాడు. వేడి చూపించే ముల్లు కూడా పనిచెయ్యడం మానేసి ఒకేచోట పడుకుని ఉండేది. ఆయనకు ముల్లుతో పనేముంది? ఎక్కుడు మొదలవుతూనే చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోయేది. ఊరందరి కార్లకూ రెండు దారులు పెట్టిన మనిషి తన కారుకు ఒక్క దారే ఉంచుకున్నాడు, ఆ దారి తన చెయ్యే.

వితాకు పెళ్లయి అల్లుడు యోస్రిజాల్ ఇంటికి వచ్చాడు. బజారులో బట్టల కొట్టు అతనిది. పెళ్లినాడు అతనికీ ఒక బిరుదు వచ్చింది, సుతాన్ ముదో. ఇప్పుడు ఆ ఇంట్లో చుట్టాలు ఇద్దరయ్యారు. వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేవాళ్లు, ఒకరికొకరు కూర గిన్నె జరుపుకునేవాళ్లు, వానల గురించి రెండు ముక్కలు అనుకునేవాళ్లు. అంతకు మించి మాట సాగేది కాదు. మినాంగ్ వాళ్లు పెద్దలతో ఒకలా మాట్లాడతారు, చిన్నవాళ్లతో ఒకలా, సాటివాళ్లతో ఇంకోలా. అల్లుడితో మాత్రం సూటిగా మాట్లాడరు, పక్కవాటుగా అంటించి వదిలేస్తారు. ఇది చెయ్యి, అది ముట్టుకోకు అని అల్లుడితో అనడం అతన్ని పనివాడిని చేసినట్టే. అందుకని చెప్పవలసిందేదైనా ఉంటే భార్యకు చెబితే, ఆమె కూతురికి చెబితే, కూతురు మొగుడికి చెప్పేది. మాట చుట్టూ తిరిగి వచ్చినా చేరవలసినచోటికి చేరుతూనే ఉండేది.

ఒకనాడు కాఫీ తాగుతూ బుస్తామి భార్యతో అన్నాడు. "అల్లుడుగారు ఎప్పుడైనా కారు తీస్తే, ఘాట్ మీద ఆ నల్ల స్విచ్చి వెయ్యాలని చెప్పించు."

"ఎదురుగానే కూర్చుంటారుగా, మీరే చెప్పొచ్చుగా. నోట్లో ముల్లు దిగిందా?" అంది రోస్నిదార్.

"నేను చెబితే పాఠం చెప్పినట్టుంటుంది."

"ఇద్దరు సుతాన్‌లకీ మధ్య నేనొక పోస్టుమేన్‌ని. సరే, వితాకి చెప్తాలెండి."

ఆమె చెప్పలేదు. అల్లుడు కారు తీసే అవసరం రాలేదు, ఆ సంగతి వంటింటి పనుల్లో కలిసిపోయింది. బుస్తామి కూడా మళ్లీ అడగలేదు. చెప్పేశాను కదా అనుకున్నాడు.

అదే ఘాట్ ఎక్కి పోతే వచ్చే అలాహాన్ పాంజాంగ్‌లో బుస్తామి అక్క మార్లిస్ కూతురికి సంబంధం కుదిరింది. మేనమామ కూర్చోకుండా పెళ్లి మాటలు మొదలుపెట్టరు. భార్య ఇంట్లో చుట్టమైన మగవాడు అక్కచెల్లెళ్ల ఇంట పెద్ద. ఆయన తన వంశం వాళ్లతో కలిసి మినీబస్సులో పొద్దున్నే కొండెక్కి వెళ్లాడు. కారు ఇంటిముందే ఉండిపోయింది.

ఆయన వెళ్లాక రోస్నిదార్ మిరపకాయలు నూరుతూ నూరుతూ పక్కకు ఒరిగిపోయింది. నోరు వంకరపోయింది, కుడిచెయ్యి పడిపోయింది, మాట రావడం లేదు. సోలోక్ ఆసుపత్రిలో చూసి వెంటనే పదాంగ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు. అంబులెన్సు అప్పటికే వేరే రోగిని తీసుకుని వెళ్లింది. యోస్రిజాల్ పరుగున వెళ్లి మామగారి కారు తెచ్చాడు. వెనక సీట్లో అత్తగారిని పడుకోబెట్టాడు, తల వితా ఒళ్లో ఉంది. పెద్ద ఎక్కుడు మీద, లారీల వరుస వెనక, బానెట్ కిందనుంచి ఆవిరి బుస్సుమంది. కారు ఆగిపోయింది. దారినపోయేవాళ్లు నీళ్లు తెచ్చారు గాని అప్పటికే ఇంజన్ పట్టేసింది. పదాంగ్‌కు క్యాబేజీలు తీసుకెళ్లే బండి ఒకటి ఆగేదాకా రోడ్డు పక్కనే ఎండలో ఉన్నారు.

కబురు అందుకుని బుస్తామి మినీబస్సులో దిగి వస్తూ, దారిలో తన కారును చూశాడు. బానెట్ ఎత్తి ఉంది, లోపల ఎవరూ లేరు. బస్సు ఆపించి దిగాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి చీకట్లో కళ్లులేనివాడిలా తడిమాడు. స్విచ్చి వేసి లేదు.

రోస్నిదార్ పదాంగ్ చేరింది గాని మర్నాటి ఉదయం చూడలేదు. ముందుగా తెచ్చి ఉంటే బతికేదా అని బుస్తామి డాక్టరును అడిగాడు. "అవుననీ అనలేను, కాదనీ అనలేను," అన్నాడు డాక్టరు. మంచివాడే, నిజమే చెప్పాడు. ఆ నిజం మోయడం ఎంత కష్టమో ఆయనకు తెలియదు.

ఖననం అయింది, ప్రార్థనలు అయ్యాయి. ఇంటినిండా జనం ఉండగానే వితా మొగుడితో అంది. "నీళ్లు చూసుకోకుండా బండి తీశారు. మా అమ్మని రోడ్డు మీద పెట్టారు." యోస్రిజాల్ తల వంచుకున్నాడు. నీళ్లు చూసుకున్నానని కూడా అనలేదు. ఆనాటినుంచి రాత్రిళ్లు మసీదు పక్క ప్రార్థన మందిరంలో పడుకోవడం మొదలుపెట్టాడు. ఆ ప్రాంతంలో మొగుడు ఇల్లు విడిచి పోవడానికి పెద్ద గొడవేమీ అక్కర్లేదు. ఇల్లు అతనిది కాదు, మోసుకుపోవడానికి సామానూ ఉండదు. కొక్కెం మీది చొక్కాలు ఒక్కొక్కటే తగ్గుతూ వస్తాయి. బుస్తామి వసారాలో కూర్చుని ఆ కొక్కెం వైపే చూసేవాడు.

తనకు తెలిసింది చెప్పేస్తే అల్లుడు నిలుస్తాడు. కానీ కూతురు తన మొహం చూడదు. ఎలాగూ భార్య పోయాక ఆ ఇంట్లో ఆయన ఎక్కువకాలం ఉండేది లేదు, అక్కచెల్లెళ్లు వచ్చి తీసుకెళ్లడం వాళ్ల ఆచారం. ఆ కాస్త కాలమైనా కూతురు నాన్నా అని పిలుస్తుంటే వినాలని ఆశపడ్డాడు. ఆ ఆశే ఆయన నోరు కట్టేసింది. అలవాటు కొద్దీ పక్కవాటుగానే ఒకసారి ప్రయత్నించాడు.

"ఘాట్ మీద ఏ బండైనా వేడెక్కుతుంది తల్లీ."

"మీ చేతిలో ఏనాడైనా వేడెక్కిందా నాన్నా?" అంది వితా. "మీరు ఉంటే మా అమ్మ ఇంట్లో ఉండేది."

ఆ తర్వాత ఆయన అన్నం సగంలో వదిలేసి లేచాడు.

చివరికి మార్లిస్ రానే వచ్చింది. గడప దాటుతూనే కళ్లు తుడుచుకుని, తమ్ముడి మూట చూసి మళ్లీ తన ధోరణిలో పడింది. "ఇదేనట్రా నీ సామాను? ముప్పై ఏళ్లు కాపురం చేసి రెండు లుంగీలూ ఒక స్క్రూడ్రైవరూ సంపాదించావా?"

"అవే నావి అక్కా. మిగతావన్నీ దానివే."

"మరి లే. మన ఇంట్లో గది కడిగించాను. కొండ మీద చలి, దుప్పట్లు కూడా ఎండబెట్టాను."

"కారు పని కాస్త మిగిలింది. అది చేసి వస్తాను."

ఇంజన్ అప్పటికే బాగుచేయించాడు. మిగిలింది తీగల పని. రేడియేటర్‌కు కొత్త ముక్క బిగించాడు, ఎన్నాళ్లనుంచో పక్కకు కట్టేసి ఉన్న తీగ విప్పి దానికి కలిపాడు. ముల్లు బాగుచేశాడు. నల్ల స్విచ్చి ఉన్నచోటే ఉంచాడు. అన్నీ కలిపి చూస్తే టీ తాగేంత సేపు కన్నా కాస్త ఎక్కువ పని. దానికోసమే ఇన్నేళ్లు తర్వాత, తర్వాత అనుకున్నాడు.

అప్పుడే యోస్రిజాల్ వాకిట్లోకి వచ్చాడు. కొక్కెం మీద ఇంకా ఒక్క చొక్కానే మిగిలి ఉంది.

"సుతాన్, ఒకసారి ఇలా రండి," అన్నాడు బుస్తామి. "అటు కాదు. స్టీరింగ్ ముందు కూర్చోండి."

అతను ఆశ్చర్యపోయి కూర్చున్నాడు. మామగారు ఇలా సూటిగా పిలవడం అదే మొదలు.

"ఆ నల్ల స్విచ్చి వెయ్యండి."

వేశాడు. బానెట్ కింద ఫ్యాను హోరుమని లేచింది.

"నిన్నటిదాకా ఈ కారులో ఫ్యాను తిరగాలంటే ఇదొక్కటే దారి. రెండో దారి పీకి పారేసింది నేను. ఈ ముల్లు కూడా అప్పుడు ఉత్తదే. మీరు నీళ్లు నిండా పోసుకున్నా మరిగేవే. మీ తప్పు ఒక్క పిసరు లేదు."

యోస్రిజాల్ స్విచ్చి మీదినుంచి వేలు తీశాడు. "ఆ స్విచ్చి చూశానండీ ఆ రోజు. అదేంటో తెలీలేదు. మీ బండి కదా, ముట్టుకోకూడదనుకున్నాను."

"నేను చెప్పాల్సింది."

"నేనైనా అడగాల్సింది."

"మీరెందుకు అడుగుతారు? మీకు చెప్పించమని ఆవిడతో అన్నాను. అంతే, నా పని అయిపోయిందనుకున్నాను."

కడిగిన పళ్లేల బేసిన్‌తో వితా మెట్ల మీద నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. "నాన్నా, ఆ స్విచ్చి సంగతి అమ్మకి తెలుసా?"

బుస్తామి తల ఎత్తలేదు. "తెలుసు తల్లీ. నాకు గాక ఇంకెవరికైనా తెలుసంటే మీ అమ్మకే."

వితా బేసిన్ కింద పెట్టి మెట్టు మీద కూలబడింది. "దారంతా ఎడంచెయ్యి ఎత్తుతూనే ఉంది," అంది. "ముందుకి, ముందుకి చూపించింది. అద్దానికి వేలాడే జపమాల కావాలేమో అనుకున్నా. తీసి చేతిలో పెట్టా. పడేసింది. మళ్లీ ఎత్తింది. నీళ్లు పట్టా, మూతి తిప్పేసుకుంది. దేవుణ్ణి తలుచుకో అమ్మా అని నేనే ఆ చెయ్యి పట్టుకుని దించేశా. ఎత్తినప్పుడల్లా దించేశా."

ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. యోస్రిజాల్ దాన్ని ఆపి, దిగి వచ్చి, భార్యకు ఒక మెట్టు కింద కూర్చున్నాడు. వితా అతన్ని పొమ్మనలేదు. తండ్రి వైపు చూసి, "మీరు వెళ్లిపోయే రోజుదాకా దాచారు," అంది.

"నోరు రాలేదమ్మా."

మార్లిస్ అంత మాటకారి, తలుపు దగ్గర నిలబడి చెంగు నోట్లో కుక్కుకుంది.

బుస్తామిని కొండ మీద దింపడానికి యోస్రిజాలే కారు తీశాడు. బుస్తామి ముందు సీట్లో, ఒళ్లో మూట పెట్టుకుని కూర్చున్నాడు. వెనక మార్లిస్, ఆమె పక్కన వితా. వితాను ఎవరూ పిలవలేదు, తనే వచ్చి ఆ రోజు కూర్చున్న చోటే కూర్చుంది. ఇంటిముందు తండ్రి వాళ్లకు దారి ఇచ్చి ఆఖరున ఎక్కాడు. కొక్కెం మీద ఆ ఒక్క చొక్కా అలాగే ఉంది.

పెద్ద ఎక్కుడు మొదలైంది. ముందు లారీ నెమ్మదించింది, కారూ నెమ్మదించింది. వెనకనుంచి వితా రెండు సీట్ల మధ్యగా ఎడంచెయ్యి చాపింది. వేళ్లు రేడియో దాకా కూడా రాలేదు, స్విచ్చికి ఇంకా జానెడు దూరంలో ఆగిపోయాయి. ఇంకాస్త ముందుకు వంగింది. కూర్చున్న మనిషికే అందడం లేదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అలాగే గాలిలో ఉంచింది. కొత్తగా వేసిన ముక్క ఉంది, వేడెక్కితే ఫ్యాను దానంతటదే తిరుగుతుంది, అది కారులో అందరికీ తెలుసు. అయినా యోస్రిజాల్ స్టీరింగ్ మీది చెయ్యి తీసి స్విచ్చి వేశాడు.

బుస్తామి ఆ చేతికీ స్విచ్చికీ మధ్య మిగిలిన చోటు చూస్తూ ఉండిపోయాడు. "ఇంకాస్త వెనక్కి బిగించాల్సింది," అన్నాడు. లారీ పక్కకు తప్పుకుంటే కారు మెల్లగా ముందుకు సాగింది.