అండాలమ్మ గిర్ని
దిల్‌సుఖ్‌నగర్ వెనక, సున్నాలింకా ఆరని కొత్త కాలనీలో పిండిగిర్ని నడిపే అండాలమ్మకు కనురెప్పల మీద కూడా పిండే. రాలే పిండిని వేళ్ల మధ్య నలిపి చూడందే డబ్బాకు మూత పెట్టదు. ఎదురుగా మరో గిర్ని వెలిసి, దాని మైకు ఆటో వీధులన్నీ తిరుగుతున్న రోజుల్లోనే, బియ్యం పట్టించుకోవడానికి వచ్చిన గుంటూరు సుబ్బాయమ్మను వెనక్కి పంపింది.

"ఇప్పుడే మిరపకాయలు పట్టిన. నీ పిండి ఘాటైతదమ్మా. రేపు పొద్దుగాల రా, ముందు నీదే పడ్త."

సుబ్బాయమ్మ విసుక్కుని ఎదురు గిర్నికే వెళ్లింది. ఆ సాయంత్రం జంతికలు తిన్న ఇంటిల్లిపాదికీ ఒకటే దగ్గు. మర్నాడు పొద్దున్నే మళ్లీ బియ్యం డబ్బాతో, పక్కింటి ఆడవాళ్లను కూడా వెంటేసుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగింది.

"ఇవాళ మిరపకాయలేమీ పట్టలేదు కదా?"

అండాలమ్మ మూలన వరసగా ఆగి ఉన్న మిరపకాయల సంచులను చూపించింది.

"నువ్వొస్తవని ఆపిన."