శుక్రవారం బొట్టు

ధర్మవరంలో రామసుబ్బమ్మ గుంటమగ్గంలో కాళ్లు దించి చీర నేయడానికి కూర్చుంటే, చేయి పోగులాగే నాడెను ఆడించేది, నోరు పాట ఎత్తుకునేది. షావుకారు రాఘవేంద్ర తన మగ్గాల షెడ్డులో కెమెరా పెట్టించి, ఇంట్లోంచే ఫోనులో చూడడం మొదలుపెట్టాక ఆ పాట ఆగిపోయింది. కొప్పు ముడుచుకోవాలన్నా పైకి చూసి ముడుచుకునేది. ఒక శుక్రవారం మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి, స్టూలెక్కి కెమెరా కంటికి కూడా తడి కుంకుమ నిండుగా అద్దింది. కాసేపటికే షావుకారు ఫోను చేశాడు.

"ఏమక్కా, నాకు ఆడ ఏమీ కనపడల్యా, ఏమైంది?"

"శుక్రవారం గదప్పా. పనిచేసే వాటికన్నిటికీ బొట్టు పెట్టినా. అదీ పొద్దస్తమానం చూస్తానే ఉండాది పాపం. తుడిచేసేదా?"

"శుక్రవారం పూట బొట్టెట్లా తుడుస్తావులే. రేపు చూద్దాం."

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం కెమెరాకు బొట్టు పడుతుంది. ఆ రోజంతా రామసుబ్బమ్మ పాట వీధి చివరిదాకా వినిపిస్తుంది.