మా మెట్ల మీద శాసనమండలి

ఢిల్లీ సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో గడిచిన నా చిన్నప్పటి రోజుల్లో, ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడో రద్దయిన శాసనమండలి మళ్ళీ వస్తోందన్న వార్త విని మా ఇంట్లో అందరికంటే సంతోషించింది మా తాతయ్యే. కాకినాడలో హైస్కూలు టీచరుగా రిటైరై మా దగ్గరికి వచ్చేశారాయన. టీచర్ల ఎమ్మెల్సీకి ఓటు వేసిన రోజులను ఇష్టంగా తలచుకునేవారు. నాన్న మాత్రం నవ్వేవారు.

"అసెంబ్లీ చేసేదాన్ని మండలి కొన్నాళ్ళు ఆపగలదంతే, కాదనలేదు. అలాంటి సభ ఎందుకు నాన్నా?"



ఆ ఏడాది ఉగాదికి కాలనీలోని తెలుగు పిల్లలం నాటకం వేస్తున్నాం. నేను సూత్రధారిని. నాకు నత్తి ఉండేది. రిహార్సల్లో మొదటి మాట దగ్గరే ఆగిపోయేదాన్ని. ఒక సాయంత్రం పార్కులో అందరూ చేతులెత్తి నన్ను తీసేశారు. "బురా మత్ మానో, ఏమీ అనుకోకు, నాటకం పాడైపోతుంది కదా" అంది మా అందరిలో పెద్దదైన అక్క. ఏడుస్తూ ఇంటికి వచ్చాను.

తాతయ్య నా ముఖం కడిగి, చెయ్యి పట్టుకుని మళ్ళీ పార్కుకు తీసుకెళ్ళారు. వాళ్ళను తిడతారేమోనని భయపడ్డాను. ఆయన తిట్టలేదు, నన్ను ఉంచమని కూడా అడగలేదు.

"మీ నిర్ణయమే చివరిది. రేపటి దాకా ఆగండి, చాలు. ఈలోగా శాసనమండలిలా రెండో సభ ఒకటి పెట్టుకుందాం."

పిల్లలకు అదో ఆటలా తోచింది. మండలిలో ఎవరుంటారో తాతయ్య చెప్పారు. కొందరిని ఎమ్మెల్యేలు, కొందరిని పంచాయతీలు, మున్సిపాలిటీల వాళ్ళు, ఇంకొందరిని టీచర్లు, డిగ్రీ చదివినవాళ్ళు ఎన్నుకుంటారట. కళలూ సాహిత్యమూ తెలిసిన కొందరిని గవర్నరు నియమిస్తారట. మా మండలికి పిల్లలు ఒక అన్నయ్యను ఎన్నుకున్నారు. టీచర్ల తరఫున మాకు ట్యూషన్ చెప్పే ఆంటీ వచ్చింది. గవర్నరు హోదాలో తాతయ్య, సంగీతం నేర్చుకుంటున్న మా పక్కింటి అక్కను నియమించారు.

మర్నాడు ముగ్గురూ మా బ్లాకు మెట్ల మీద కూర్చుని నా మాటలు చెప్పమన్నారు. తడబడ్డాను. ఎవరూ తొందరపెట్టలేదు. పక్కింటి అక్క, "ఈ పిల్ల బాల్కనీలో పాడుతుంటే రోజూ వింటాను. పాటలో ఒక్కచోట కూడా ఆగదు" అంది. అప్పటికప్పుడు నా మాటలకు చిన్న వరస కట్టి నాతో పాడించింది. సూత్రధారి మాటలు పాటగా ఉండాలన్న సవరణతో నిర్ణయం పార్కుకు తిరిగి వెళ్ళింది.

అక్కడ వాదన జరిగింది. నాటకంలో పాటేమిటని కొందరన్నారు. నన్నే పాడమన్నారు. పాడాను. మళ్ళీ చేతులెత్తారు. ఈసారి నన్ను ఉంచమన్న చేతులే ఎక్కువ.

ఇంటికి వస్తూ తాతయ్యను అడిగాను. "వాళ్ళు మళ్ళీ వద్దని ఉంటే?"

"తప్పుకోవలసిందే అమ్మలూ. కానీ నీ మాట వినకుండా తీసేశారన్న బాధ ఉండేది కాదు" అన్నారాయన.

ఇప్పుడు గురుగ్రామ్‌లో మా ఆఫీసు మీటింగుల్లో అందరూ ఒకే మాట మీద త్వరపడుతుంటే, రేపటి దాకా ఆగుదామని అడుగుతాను. ఆ నిర్ణయం ఎవరి మీద పడుతుందో వాళ్ళను పిలిచి కూర్చోబెట్టి వింటాను. చాలాసార్లు నిర్ణయం మారదు. అయినా వాళ్ళు వెళ్ళేటప్పుడు తల దించుకోకుండా, నా ముఖంలోకి చూసి వెళ్తారు.