ఆముదం పోసిన బాల్‌జాయింటు

1989లో సిడ్నీ పడమటి శివార్లలోని ఒక వాహన తనిఖీ కేంద్రంలో ఎగ్జామినరుగా చేరాను. అంతకు ముందు విజయవాడలో బస్సు డిపో అసిస్టెంట్ ఇంజినీరుని. ఇక్కడ పాతబడిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఏటా తనిఖీలో నెగ్గాలి. నెగ్గించినా ఆపినా సంతకం ఎగ్జామినరుదే. అందుకని టూంగాబీలోని మనవాళ్లు నన్ను భోజనానికి పిలిస్తే, విస్తరి వేయకముందే బానెట్ ఎత్తేవారు. నాకూ కాదనడం చేతకాదు. చూడకుండా బాగుందనడం అసలే చేతకాదు.

మరుసటి ఏడు ఒక శనివారం మా వీధిలోని రూతు ఫోన్ చేసింది. వాళ్లది నరసాపురం. భర్త ఆనందరావు ఆస్పత్రిలో వార్డు సహాయకుడు. ఆమె ఇక్కడి పరీక్షలు రాసి నర్సు రిజిస్ట్రేషన్ తెచ్చుకుంది. సోమవారం ఉదయం బ్లూ మౌంటెన్స్ అవతల ఒక ఆస్పత్రిలో ఇంటర్వ్యూ. ఆదివారం ఆరాధన కాగానే పిల్లలిద్దర్నీ ఎక్కించుకుని కారులో కొండదారి పట్టాలని వాళ్ల ఏర్పాటు.

"ముందు చక్రం దగ్గర ఏదో కిర్రుమనేదండి అన్నయ్యగారూ. ఇప్పుడు ఆగింది గానీ, కారు ఒక్కసారి చూసి పెట్టండి" అంది.

నేను వెళ్లేసరికి ఆనందరావు ముఖం ముడుచుకుని ఉన్నాడు. కారు అమ్మింది వాళ్ల సంఘ పెద్ద. కొన్న రోజున కృతజ్ఞత ప్రార్థన కూడా జరిపించారు. కిర్రుమంటోందని చెబితే రబ్బరు ఎండి ఉంటుంది, ఆముదం పోయమన్నాడట ఆ పెద్దాయన. పిల్లల మాడుకు పెట్టడానికి ఊరినుంచి తెచ్చుకున్న ఆముదం సీసా సగం అక్కడ ఒంపేశాడు ఈయన.

"పెద్దాయన కారుని చెక్ చేయించానంటే చర్చిలో ఏ ముఖం పెట్టుకుని కూర్చుంటానండీ? నాయిస్ లేదు, ఇట్స్ ఫైన్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చూడకుండా మాత్రం కదలనన్నాను.

వెనక చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టించాను. నాలుగు మూలలా బాడీని నొక్కి వదిలాను. అది ఊగుతూ ఉంటే షాక్ అబ్సార్బర్లు పోయినట్టు. ఇది ఒక్కసారి లేచి నిలబడింది. తర్వాత జాకీని చాసిస్ కింద పెట్టి ముందు భాగం లేపి, స్టాండు మీద నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని గుంజాను. కదలలేదు.

"చూశారా" అన్నాడు ఆనందరావు.

ఇంట్లో తనిఖీ చేసుకునేవాళ్లు చాలామంది ఇక్కడితో ఆపి లేచిపోతారు. ఆ కారులో స్ప్రింగు, చక్రాన్ని చాసిస్‌కు కలిపే కింది ఆర్మ్ మీద కూర్చుని ఉంటుంది. చాసిస్‌ని లేపితే స్ప్రింగు ఆ ఆర్మ్‌ను కిందికి తోస్తుంది. ఆర్మ్ చివర చక్రాన్ని మోసే బాల్‌జాయింటు ఆ ఒత్తిడికి బిగుసుకుని, ఎంత అరిగినా కొత్తదానిలా నటిస్తుంది. పడుకుని టార్చి వేసి చూశాను. జాయింటుకు తొడిగిన రబ్బరు బూటు చిరిగింది. చిరుగు చుట్టూ ఆముదం మెరుస్తోంది. ఆ చమురు లోపలికి దిగి జాయింటు నోరు మూయించిందని అర్థమైంది.

కారు దించి, ఈసారి జాకీని కింది ఆర్మ్ చివరనే పెట్టి లేపాను. స్ప్రింగు బరువు జాకీ మీద పడింది, జాయింటు తేలికపడింది. స్టాండు సరిచూసుకుని, టైరు కింద పొడుగాటి ఇనప గడ్డపార దూర్చి, రూతును మెల్లగా ఎత్తమన్నాను. నా వేళ్లు జాయింటు మీద ఉన్నాయి. గడ్డపార లేచినప్పుడల్లా చక్రం మొత్తం పైకెగిరి టక్కున కింద పడుతోంది. నాకు నిజంగా భయం వేసింది. దిగుడు మలుపులో ఆ జాయింటులోని గుండు దాని గిన్నెలోంచి ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది, స్టీరింగు పట్టుకుని చేసేదేమీ ఉండదు.

ఆనందరావును కూడా వేళ్లు పెట్టి చూడమన్నాను. పెట్టాడు. లేచి కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇంటర్వ్యూ పోతే ఇంకోటి అప్లై చేస్తానండి" అంది రూతు. ఇంటర్వ్యూ ఎందుకు పోవాలి, రైలుందిగా అన్నాను. పిల్లల్ని మా ఇంట్లో దించి, ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ రైలెక్కారు.

మంగళవారం ఆ కారును గ్యారేజీకి లాగించుకుపోయారు. మెకానిక్ గడ్డపార వేసి ఒక్క తోపు తోసేసరికి గుండు గిన్నెలోంచి బయటికి వచ్చేసిందట. రూతుకు ఉద్యోగం వచ్చింది. సంఘ పెద్ద చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఆయన మోసగాడు కాడు, ఆ కారులోనే తన మనవలను తిప్పినవాడు.

తర్వాత నా దగ్గర పనిలో చేరిన ప్రతి ఎగ్జామినరుకూ మొదట ఇదే నేర్పాను. చప్పుడు ఆగితే లోపం పోయినట్టు కాదు. బరువు మోసే భాగాన్ని, ఆ బరువు దించాకే పరీక్షించాలి. కారు ఇచ్చినవాడు ఎలాంటివాడని అడగకూడదు. మంచివాడి కారులోనూ బాల్‌జాయింటు అరుగుతుంది.