మామగారి ఉప్పు డ్రమ్ము

మొన్నామధ్య నెల్లూరులో మా మనవరాలి ఇంటికి వెళ్ళి కొన్నాళ్ళున్నాను. వాళ్ళది మేడ మీద మేడగా కట్టిన ఇళ్ళలో ఒకటి, అన్నిటికీ బోరు నీళ్ళే, ఆ నీళ్ళను మెత్తబరచడానికి బట్టలుతికే యంత్రం పక్కనే ఇంకో యంత్రం పెట్టించుకున్నారు. నేను వెళ్ళిన మర్నాటి నుంచీ ఆ పిల్ల జుట్టు పీచులా అయిపోతోందని, బకెట్ల మీద తెల్లటి చారలు పడుతున్నాయని విసుక్కుంటూ కంపెనీ వాళ్ళకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే, కూర్చున్న చోటి నుంచి లేవకుండానే, అందులో ఉప్పు అయిపోయిందేమో చూడమ్మా అన్నాను. సెల్‌ఫోనులో వేలు ఎక్కడ పెట్టాలో తెలియని అమ్మమ్మకు యంత్రంలో ఉప్పు సంగతి ఎట్లా తెలుసునని ఆ పిల్ల నా వంక చూసిన చూపు మీరు చూడాల్సింది. మూత తీసి చూస్తే నిజంగానే అడుగంటి ఉంది. నీకెట్లా తెలుసని ఎంత అడిగినా ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ పిల్లకు చెప్పాలంటే చాలా విడమరిచి చెప్పాలి. మీరైతే నా ఈడు వాళ్ళు, సగం చెప్తే మిగతా సగం మీకే తెలుస్తుంది.

నా పుట్టిల్లు సంగం. పెన్న ఒడ్డున పుట్టిన పిల్లలకు నీళ్ళు రకరకాలుగా ఉంటాయన్న సంగతే తెలియదు, నీళ్ళంటే నీళ్ళే. యాభైల చివర్లో పెళ్ళయి, విడవలూరు దాటాక సముద్రం హోరు వినపడే ఊరికి కాపురానికి వచ్చాను. వచ్చిన మర్నాడు కొత్త కోడలి చేతి వంట తినాలని అందరూ కూర్చుంటే, పొద్దున పొయ్యి మీద పెట్టిన కందిపప్పు మధ్యాహ్నానికి కూడా గింజకు గింజ విడిగా, గులకరాళ్ళలాగా నన్ను చూస్తూ కూర్చుంది. పుల్లలన్నీ అయిపోయాయి, నా కళ్ళల్లో నీళ్ళు అయిపోయాయి, పప్పు మాత్రం మొండికేసింది. అత్తగారు వచ్చి కుండలోకి తొంగి చూసి, పకపకా నవ్వి, దొడ్లో బావి నీళ్ళు పోసినావా పిల్లా, అవి పప్పుడకని నీళ్ళు కదా, చెప్పడం మర్చిపోయినా అని నన్ను దగ్గరికి తీసుకుంది. కొత్త కోడలి మీద నింద పడకుండా మరిచిపోయిన తప్పు తన మీద వేసుకున్న అత్తగారు ఎందరికి దొరుకుతుంది చెప్పండి.

ఆ బావి నీళ్ళు చూడడానికి తేటగానే ఉండేవి. సబ్బు రుద్దితే నురగ రాకపోగా తెట్టెలాగా ఒంటికి అంటుకునేది, కుంకుడు రసం పోసినా జుట్టు చిక్కులు విడేది కాదు, నీళ్ళు కాచే కాగు అడుగున సున్నం పెచ్చులుగా కట్టేది. అందుకని తాగడానికీ వంటకూ ఆడవాళ్ళందరం సరుగుడు తోట అవతల ఇసకదిబ్బల్లో తవ్వుకున్న చెలమలకు వెళ్ళేవాళ్ళం. చెలమలో కూర్చుని ముంతతో నీళ్ళు తోడి బిందె నింపుకుని, కాళ్ళు దిగబడే ఇసకలో నెత్తిన ఒకటి, చంకన ఒకటి మోసుకుని రావడం, మళ్ళీ వెళ్ళడం. అత్తగారికి మోకాళ్ళు పట్టేసి ఉండడంతో నేను వచ్చాక ఆ పని నాదైంది. మా ఆయన నెల్లూరులో రైసు మిల్లులో పని చేస్తూ ఆదివారాలు మాత్రం వచ్చేవాడు. వచ్చినా, మగవాడు బిందె ఎత్తడం ఆ రోజుల్లో ఎవరమూ కనలేదు, వినలేదు. నేనూ అడగలేదు, ఆయనకూ తోచలేదు.

మొదటిసారి నెల తప్పినప్పుడు కూడా నీళ్ళు నేనే మోశాను. అందరూ మోసేవాళ్ళే కాబట్టి అది తప్పని ఎవరికీ అనిపించలేదు. కడుపు బయటికి కనపడే వేళకు బిడ్డ పోయింది. బరువులు మోసినందుకే అని మంత్రసాని గొణిగింది. అయి ఉండవచ్చు, కాకపోయీ ఉండవచ్చు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు, అలాంటివి మాట్లాడుకునే అలవాటు లేదు. నేను కొన్నాళ్ళు చెలమ దగ్గర కూర్చుని ఏడ్చి, ముఖం కడుక్కుని బిందెలు ఎత్తుకుని వచ్చేదాన్ని. మళ్ళీ నెల తప్పాననగానే అత్తగారు నా చేతిలోంచి బిందె లాక్కుని, కుంటుకుంటూ తనే బయలుదేరింది. ఆమె ఆ ఇసకలో ఒక్కో అడుగూ వేయడం చూస్తుంటే నాకు కూర్చున్న చోట కుదురుండేది కాదు. ఎన్నాళ్ళు మోయగలదు? ఆమె పడిపోతే మళ్ళీ నేనే కదా వెళ్ళాలి? ఈ బిడ్డయినా నిలుస్తుందా?

ఇక మా మామగారి గురించి చెప్పాలి. ఆయన రైలింజన్ల షెడ్డులో పని చేసి రిటైరయిన మనిషి. ఇంజన్ల బాయిలర్లకు సున్నం పట్టకుండా నీళ్ళను మెత్తబరిచే చోట చాలా ఏళ్ళు ఉన్నాడట. అక్కడ భుజానికి దెబ్బ తగిలి ఎడమ చెయ్యి పైకి లేచేది కాదు. నేను ఆ ఇంటికి వచ్చి అన్నాళ్ళయినా ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కోపం ఉండి కాదు, కోడలు మామగారి ఎదుట పడకూడదు, మాట్లాడకూడదు. ఆయన వస్తే నేను తలుపు చాటుకు వెళ్ళేదాన్ని, నేను వంటింట్లో ఉంటే ఆయన వసారాలోంచే దగ్గేవాడు. నాకు చెప్పాల్సింది అత్తగారికి చెప్పేవాడు, ఆమె ఇంట్లో లేకపోతే గోడకు చెప్పేవాడు. ఇప్పటి పిల్లలకు ఇది నవ్వులాటగా ఉంటుంది గానీ, మనకు అదే మర్యాద.

అత్తగారు బిందె ఎత్తుకున్న కొన్నాళ్ళకు, ఆయన ఎవరికీ ఏమీ చెప్పకుండా తను పనిచేసిన చోటికి వెళ్ళి, అక్కడ తీసి పడేసిన పాత యంత్రంలోని పచ్చటి ఇసకను పై అధికారిని అడిగి గోతాల్లో తెచ్చాడు. ఒక నూనె డ్రమ్మును కడిగి, అడుగున గులకరాళ్ళు పరిచి, పైన ఆ ఇసక నింపి, కింద కుళాయి బిగించాడు. బావి నీళ్ళు పైన పోస్తే ఆ ఇసక నీళ్ళలోని సున్నాన్ని పట్టుకుంటుందట, పట్టుకుని పట్టుకుని ఇసక అలిసిపోతే ఉప్పునీళ్ళు పోసి కాసేపు ఉంచి కడిగితే మళ్ళీ తేరుకుంటుందట. ఇదంతా ఆయన గోడకు చెప్తుంటే తలుపు చాటు నుంచి విన్నాను. అత్తగారు మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"బావిలో ఉండే ఉప్పు చాలదని ఇంకా ఉప్పు పోస్తాడంట! ఏమయ్యా, షెడ్డులో నీకు ఇన్నేళ్ళూ జీతం ఇచ్చింది దీనికేనా?"

ఊళ్ళో వాళ్ళు కూడా వచ్చి చూసి ముక్కున వేలేసుకుని వెళ్ళారు. ఆయన తన పని తను చేసుకుపోయాడు. ఆ డ్రమ్ము నీళ్ళు ఒక సీసాలో పట్టి వంటింటి గట్టు మీద పెట్టేవాడు, నేను అందులో నాలుగు చుక్కలు సబ్బునీళ్ళు వేసి గిలకొట్టి, నురగ నిలిచిందో లేదో అత్తగారికి చెప్పాలి, ఆమె నాలుగడుగుల అవతల ఉన్న ఆయనకు చెప్పాలి. నేను కొంచెం నురగ వచ్చిందంటే ఆమె, నీ నీళ్ళు నీ కోడలికి నచ్చలేదంట అని అందించేది. మొదటిరోజు ఉప్పు సరిగా కడగక పప్పు కషాయమైంది. కడగడం పెంచాడు. నీళ్ళు జోరుగా దిగిపోతున్నాయని కుళాయి సన్నం చేశాడు. ఇసక గడ్డకట్టిందేమోనని ఒంటి చేత్తో అంతా తీసి, కడిగి, మళ్ళీ నింపాడు. ఉప్పు చాలలేదేమోనని ఇంకా పోశాడు. మాకు ఉప్పుకేం కొదవ, పక్క ఊరి ఉప్పు మడుల దగ్గర చెమ్మ ఆరకముందే బస్తాల్లో తెచ్చుకోవచ్చు. ఎంత పోసినా సీసాలో అదే తెట్టె, పొయ్యి మీద అవే గులకరాళ్ళు. రోజురోజుకూ ఆయన ముఖం వాడిపోయింది. నా నెలలు నిండుతున్నాయి, అత్తగారి కుంటు ఎక్కువవుతోంది.

ఒకరోజు వంటింట్లో ఉప్పు నిండుకుంటే, డ్రమ్ము పక్కనున్న బస్తాలోంచి గుప్పెడు తెచ్చి పులుసులో వేశాను. ముద్ద నోట్లో పెట్టుకోగానే అత్తగారు ముఖం చిట్లించింది.

"కొత్త ఉప్పు ఏసినావా పిల్లా? చేదు గుంజదా? అందుకే గదా బుట్టలో పోసి నెలల తరబడి కారనిచ్చేది!"

ఉప్పును తాటాకు బుట్టలో పోసి అటక కింద వేలాడదీసి, వానాకాలమంతా చేదునీళ్ళు కారిపోనిచ్చి, ఆ తర్వాతే ఊరగాయకైనా కూరకైనా వాడడం ఆ వైపు పద్ధతి. కింద పెట్టిన మూకుట్లో ఆ చేదునీళ్ళు పడుతుండేవి. ఆ మర్నాడు మూకుడు పారబోసి, అది పడిన చేతులనే సబ్బుతో కడుక్కోబోతే, సబ్బు విరిగిన పాలలాగా అరచేతిలో తెట్టెలు కట్టింది. బావి నీళ్ళలో కూడా అంతగా ఎప్పుడూ కట్టలేదు. చేతులు అట్లాగే పెట్టుకుని నిలబడిపోయాను. మామగారు ఏది తీసేయాలని తంటాలు పడుతున్నాడో, దాన్నే బస్తాల కొద్దీ లోపల పోస్తున్నాడేమో అనిపించింది.

అత్తగారికి చెబుదామంటే ఆమె చెలమకు వెళ్ళింది. దొడ్లోకి తొంగి చూస్తే మామగారు డ్రమ్మును పక్కకు వంచి, పారతో ఇసక తీసి తట్టలోకి ఎత్తుతున్నాడు. ఇక లాభం లేదనుకున్నాడేమో, నిండిన తట్టను ఎత్తుకుని దొడ్డి చివరి పెంటదిబ్బ వైపు కదిలాడు. ఆ ఇసక దిబ్బలో కలిస్తే మళ్ళీ దొరకదు. అత్తగారు వచ్చేదాకా ఆగితే ఏమీ మిగలదు. కడుపు మీద చెయ్యి వేసుకుని తలుపు చాటు నుంచి బయటికి వచ్చాను.

"మామా, ఆ ఇసక పారబోయబాకండి."

ఆయన ఉలిక్కిపడి ఆగాడు. నా వైపు తిరగలేదు, తట్ట పట్టుకుని గోడ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఆ ఉప్పు కొత్తది మామా. దాంట్లో చేదునీళ్ళుండాయి. సబ్బు విరిచేది అవే."

తప్పు చేశానేమో, ఇంటి మర్యాద మంటగలిపానేమో అనుకుంటుండగా, ఆయన తట్ట కింద పెట్టి, గోడ వైపు కాదు, తిన్నగా నా వైపు తిరిగాడు.

"షెడ్డుకి వచ్చేది ఎండిన పాత ఉప్పు. నాకు తోచనేలేదు. ఇంట్లో పాత ఉప్పుందా అమ్మాయ్?"

అత్తగారు ఊరగాయలకని దాచిన కుండ చూపించాను. దాన్ని తేబోతే వద్దని వారించి తనే వచ్చి ఒంటి చేత్తో ఎత్తుకున్నాడు. గడప దాటుతూ, నేల చూపులు చూస్తూ అన్నాడు.

"పోయినసారి నువ్వు బిందెలు మోస్తుంటే చూస్తా కూర్చున్నా. ఈసారి చూడలేను అమ్మాయ్."

పోయిన బిడ్డ గురించి ఆ ఇంట్లో ఎవరైనా అన్న మాట అదొక్కటే. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు మూసుకుని, వెక్కి వెక్కి ఏడ్చాను. అది దుఃఖం కాదు, ఏమిటో నాకే తెలియదు.

అత్తగారు వచ్చేసరికి ఇసక మళ్ళీ డ్రమ్ములోకి చేరింది, ఉప్పు కుండ బోర్లించి ఉంది. ఈ ఏడు మాగాయ డ్రమ్ములోనే పెడతావా అని ఆయన మీద ఎగిరి, అంతలోనే గట్టు మీద సీసాలో మూతి దాకా పొంగి నిలిచిన నురగ చూసి, గబగబా పప్పు కడిగి పొయ్యి మీద పెట్టింది. ఆ సాయంత్రం కందిపప్పు పప్పుగుత్తి తగలగానే వెన్నలా మెదిగింది. ఆమె చెలమకు వెళ్ళడం తాగే నీళ్ళకు ఒక్క బిందెకు తగ్గింది, నేను అసలు వెళ్ళలేదు. ఆ ఏడు మా ఇంట్లో ఊరగాయ లేదు. అడిగిన వాళ్ళందరికీ, మా కోడలి కడుపు కోసం డ్రమ్ము తినేసిందని అత్తగారు గర్వంగా చెప్పుకునేది. సంగంలో నాకు ఆడపిల్ల పుట్టింది. చూడడానికి వచ్చిన మామగారు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, ఒళ్ళోంచి దించకుండా బండి వేళ దాటేదాకా కూర్చున్నాడు.

ఆ తర్వాత కూడా ఆయన నాతో మాట్లాడింది నీళ్ళ గురించే. నురగ వచ్చిందా అమ్మాయ్, ఉప్పు పోసే రోజొచ్చిందా అమ్మాయ్, అంతే. మిగతా సంగతులన్నీ మళ్ళీ అత్తగారి ద్వారానే. ఆ అరవైల దశకం దాటకముందే ఆయన పోయాడు. కొన్నాళ్ళు ఆ డ్రమ్మును నేనే నడిపాను, ఊళ్ళోకి కుళాయి వచ్చాక అదీ పోయింది.

ఇప్పుడు కోడళ్ళు మామగార్లతో పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటుంటే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది. మాకు ఆ అదృష్టం లేకపోయింది. ఆ మర్యాదల్లో మేము మింగిన మాటలు ఎన్నో, వాటిని తిరిగి తెమ్మని నేను అననుగాక అనను. కాకపోతే, కోడలితో మాట్లాడకూడని ఆ మనిషి నా బాధ చూసినంతగా, పొద్దస్తమానం నాతో మాట్లాడిన వాళ్ళు కూడా చూడలేదు. బిడ్డను ఎత్తుకుని పుట్టింటి నుంచి తిరిగి వచ్చిన రోజు, మీ వల్లే మామా అని చెప్పాలని గుమ్మం దాకా వెళ్ళాను. కోడలు మామగారికి అట్లాంటి మాట చెప్పడం మా ఇళ్ళలో లేదు, చెప్పకుండానే వెనక్కి వచ్చేశాను. అది ఆయన చెవిన వేసి ఉండాల్సిన మాట. ఆయన లేడు కనుక, మీ అందరి చెవినా వేస్తున్నాను.