కాలువ అవతలి పొగ

మా వదిన పేరు సిర్గా. ఆమె కాపురానికి వచ్చి నెల తిరక్కుండానే మా అమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది. పోట్లాటేమీ జరగలేదు. కాపురం ఎక్కడ పెట్టాలో వదిన తేల్చి చెప్పింది, అంతే.

మా నారిన్ కొండల వైపు చిన్నకొడుకు ఎక్కడుంటాడని ఎవరూ అడగరు. పెద్దవాళ్ళకి పెళ్ళికాగానే తెల్ల ఉన్నిగుడారం వేసి, వేరే పొయ్యి పెట్టించి పంపేస్తారు. తండ్రి ఇల్లూ, తల్లి బాధ్యతా చిన్నవాడివి. మా పెద్దన్నలిద్దరూ అలాగే వెళ్ళారు. మిగిలింది తిలెక్ అన్నయ్య, అతని తర్వాత ఆడపిల్లని నేను. నాన్న పోయాక అమ్మ అతని పెళ్ళి కోసమే తూర్పు గదికి సున్నం వేయించి, కొత్త పరుపులు గోడవారగా దొంతర పేర్చి ఉంచింది. అన్నయ్య ఆలోచన వేరు. అతను వ్యాన్ నడిపేది జిల్లా పట్నంలో. గ్యారేజీ పక్కన రెండు గదులు చూసి వచ్చి, అక్కడ వేణ్ణీళ్ళు గోడలోంచే వస్తాయని మురిసిపోయాడు.

అమ్మా అన్నయ్యా ఇద్దరూ వదిన వైపు చూశారు. ఆమె ఎటు మొగ్గినా రెండోవాళ్ళకి కష్టమే.

వదిన తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చేది. బొగ్గులేసిన ఇత్తడి సమోవార్‌లో నీళ్ళు కాచేది. పెద్దవాళ్ళు ఎదురైతే ఆగి వంగి దండం పెట్టేది. కోడలొచ్చిన ఇంట్లో టీ పోసేది కోడలే. అత్తగారు గుమ్మానికి ఎదురుగా, పెద్దల చోట కూర్చుని గిన్నె అందుకోవాలి. అమ్మ అలాగే కూర్చుంది. ఊళ్ళో ఆడవాళ్ళు "ఇంకేం, రాణివైపోయావు" అన్నారు. ఎం.ఏ. సెలవులకి వచ్చి మూలన పుస్తకం పట్టుకుని కూర్చున్న నేనూ అలాగే అనుకున్నాను. వదిన మాత్రం అమ్మ చేతులు చూసింది. కేటిల్ కదిలినప్పుడల్లా అమ్మ కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచి, మళ్ళీ ఒళ్ళోనే వాలేది.

వదిన పుట్టింట్లో ముగ్గురు కోడళ్ళు. వాళ్ళొచ్చాక ఆమె నాయనమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళాల్సిన అవసరమే లేకపోయింది. కొన్నాళ్ళకి ఆవిడ పశువులపాక వెనక మూడు రాళ్ళు పెట్టుకుని, చిన్న గిన్నెలో తన టీ తానే కాచుకోవడం మొదలుపెట్టిందట. ఇంట్లోవాళ్ళు ముసలితనపు పిచ్చి అని నవ్వుకున్నారట. ఈ సంగతి వదిన నాకు తర్వాతెప్పుడో చెప్పింది. ఒకరోజు సాయంత్రం అన్నాల దగ్గర మాత్రం ఇంతే అంది:

"అత్తయ్యా, కాలువ అవతల బార్లీ కోసిన మడి ఖాళీగా ఉంది కదా. అక్కడ గుడారం వేసుకుంటాం. చలి ముదిరేలోపు మట్టి ఇటుకలతో రెండు గదులు లేపుకుంటాం."

అన్నయ్య నములుతున్నది ఆపేశాడు. "పట్నమూ కాదు, ఇల్లూ కాదు. నడిమధ్యన గుడారమేంటి?"

"మీ వ్యాన్‌కి వంతెన దాటడం రాదా?" అంది వదిన.

అమ్మ గిన్నె కింద పెట్టింది. "తెల్ల గుడారం పెద్దకొడుకులకి వేస్తారు. కడగొట్టువాడికి వేస్తే ఊరేమంటుంది? ఆఖరివాణ్ణి కూడా గడప దాటించింది గయ్యాళి అత్త అనరూ?"

"అంటే నేను చెబుతాను అత్తయ్యా."

"ఏం చెబుతావేం?"

వదిన తలవంచుకునే జవాబిచ్చింది. "మా అత్తగారి పొయ్యి బాగా మండుతోంది, దాని మీంచి ఆవిడ కాగు దించడానికి నాకు చేతులు రాలేదు అంటాను."

"మాటలు బాగానే నేర్పి పంపారు మీవాళ్ళు," అంది అమ్మ. ఆ తర్వాత ఆమెతో మాటల్లేవు. గుడారం కర్రలు మా కొట్లోనే ఉన్నాయి. తాళంచెవి అడిగితే తీసి అరుగు మీద పెట్టింది, చేతికివ్వలేదు.

ఉన్ని చాపల అంచులు కుడుతూ వదిన నాతో అంది: "మీ అమ్మ ఒక్కసారి తనంతట తాను కాలువ దాటి రావాలి. రాకపోతే నేను తప్పు చేసినట్టే. గుడారం విప్పేసి తూర్పు గదికి వచ్చేస్తాను." ఊరికే అన్న మాట కాదది. పరుపులింకా తూర్పు గదిలోనే ఉంచింది.

గుడారం నిలబెట్టిన రోజు మధ్యాహ్నం, దాని నడినెత్తిన ఉన్న కంతలోంచి సన్నగా పొగ లేచింది. అమ్మ వాకిట్లో ఉన్ని దులుపుతోంది. అటు చూడలేదు. పక్కింటి కుమూష్ పిన్ని గోడ మీంచి తొంగిచూసింది.

"అక్కా, కొత్త పొగ లేచింది. ఎరులుక్ నేను పెడుతున్నా. మాంసం పొయ్యెక్కించేశా."

కొత్తగా వచ్చి దిగినవాళ్ళని మొదటిరోజు వండుకోనివ్వరు మావాళ్ళు. ముందునుంచీ ఉన్న ఇరుగుపొరుగే పిలిచి ఎరులుక్ భోజనం పెట్టాలి. అందులోనూ దగ్గరి పొయ్యిదే మొదటి హక్కు.

అమ్మ కర్ర ఆపింది. "నువ్వెందుకు పెడతావ్? ఆ పొగకి దగ్గర ఎవరు?"

"నువ్వు అలిగావని విన్నానే. అలిగినవాళ్ళు వండరు కదా."

"అలక సంగతి నేను చూసుకుంటా. నీ మాంసం నువ్వు దించుకో."

అమ్మ తన పెద్ద కాగు తీసింది. పిండి పిసికి, పల్చగా ఒత్తి, సన్నగా కోసి మరిగే కాగులో వేసింది. మధ్యలో నన్ను రెండుసార్లు తిట్టింది, నిప్పు సరిగ్గా ఎగదోయలేదని. పెళ్ళి తర్వాత ఆమె చేతులు అంత చురుగ్గా ఆడటం నేను చూడలేదు. పొద్దువాలేసరికి కాగు నేనూ, సమోవార్ అమ్మా మోసుకుంటూ వంతెన దాటాం.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. దండం పెట్టడానికి వంగి, లేవడం ఆలస్యం చేసింది. కళ్ళు తుడుచుకుంటోందని నాకు అర్థమైంది. లోపలికి వెళ్ళగానే అలవాటుకొద్దీ కేటిల్ అందుకోబోయింది. అమ్మ ఆమె చేతి మీద ఒక్కటి వేసింది.

"కూర్చో అక్కడ. ఇవాళ నువ్వు కొత్తగా దిగినదానివి. పక్కింటావిడ పోస్తుంది, నువ్వు తాగాలి."

అన్నయ్యని అవతలికి జరిపి, వదినని గుమ్మానికి ఎదురుగా కూర్చోబెట్టింది. తనే పోసింది: పాలు ముందు, టీ తర్వాత, చిటికెడు ఉప్పు. వదిన గిన్నెని రెండు చేతులతో పట్టుకుని తాగింది.

"ఉప్పు సరిపోయిందా?" అంది అమ్మ.

వదిన అన్నయ్య వైపు చూసింది, నా వైపు చూసింది. "కొంచెం తక్కువైంది అత్తయ్యా."

అమ్మ తన గిన్నె నింపుకుని, తాపీగా ఒక గుక్క తాగింది.

"మా ఇంట్లో ఇంతే వేస్తాం. నీ పొయ్యి మీద నీ ఇష్టమొచ్చినంత వేసుకో."